అవతలి నట్టు

పొదిలి దాటాక మీటరు మీద
బ్యాటరీ ఎర్రదీపం వెలిగిందట.
కాశింవలి ఏసీ ఆపాడు, పాట ఆపాడు,
హారన్ కూడా కొట్టకుండా
ఉన్న కరెంటును కడవ అడుగు నీళ్లలా వాడుకుంటూ
చీమకుర్తిలో నా షెడ్డు దాకా లాక్కొచ్చాడు.

వెనక సీట్లో వెలుగొండయ్య.
కనిగిరి అవతల పల్లె.
వారానికి మూడు మార్లు ఒంగోలు.
పదకొండింటికి మిషను పక్కన పడుకోవాలి.
ఇప్పుడు తొమ్మిది.

బానెట్ ఎత్తితే క్వారీ దుమ్ము,
నల్లరాయి పొడి ఆయిలు తాగి పెచ్చు కట్టింది.
ఆల్టర్నేటర్ తిప్పి చూశా,
బేరింగు ఇసక నమిలినట్టు కరకర.
బాగుచేసి పెట్టింది ఒకటుంది షెల్ఫులో.
సామానుకి కాదు కరువు,
చోటుకి.

నెగెటివ్ ఊడదీశా. బెల్టు జార్చా.
పై బోల్టు మంచిది, పిలిస్తే వచ్చింది.
కింది బోల్టుంది చూడండి,
తల ఇటు, నట్టు అటు.
అటు ఇంజను నడుమ జానెడు చీకటి.
కంటికి దారి లేదు,
వేళ్లే చూడాలి.

పదేళ్లప్పుడు జిలానీ మేస్త్రి
నన్ను పన్లో పెట్టుకుంది తెలివి చూసి కాదు,
మణికట్టు చూసి.
"బుడ్డోడా, చెయ్యి పెట్రా" అంటే
ఎలకపిల్లలా దూరేది.
అన్నం తిని, పానా తిప్పి, చెయ్యి లావెక్కింది.
ఇప్పుడు మోచేతి కాడే తోలు గీరుకుని ఆగిపోతుంది.
నా షెడ్డులో బుడ్డోళ్లని పెట్టుకోను.
గొప్పగానే చెప్పుకుంటా ఆ మాట.
ఇట్టాంటి పూట మాత్రం
వేలెడు తక్కువవుతుంది.

రింగు పానా వేశా, జారింది.
పానాకి కట్టుతీగ చుట్టి దించా,
తీగొక్కటే తిరిగొచ్చింది.

బెంచీ మీంచి లేచొచ్చాడు వెలుగొండయ్య.
"నా చెయ్యి సన్నం. పెట్టనా?"
ఎడమ చేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంది.
"ముట్టుకో" అన్నాడు.
వేలు ఆనిస్తే లోపల మోటారు తిరుగుతున్నట్టు జుమ్మంటోంది.
"దీన్ని మాత్రం వద్దన్నా."
"దీన్నెందుకు పెడతా?
ఇది ఆసుపత్రోళ్లది.
కుడిది నాది."

కుడిది లోపలికి పోయింది,
మణికట్టు, మోచెయ్యి, ఇంకా.
మొహం పక్కకి తిప్పి
రోడ్డు మీద రాళ్ల లారీలని చూస్తూ
వేళ్లతో నడిచాడు.
"దుమ్ము... పైపు... అబ్బ, వేడి...
ఇదిగో, ఇదేదో ఆరు మూలలు."
"అదేనన్నా! పానా ఇస్తా, తగిలించి పట్టుకో. వదలబాక."

నేనిటు నుంచి గొట్టం తొడిగి లాగితే
కీచుమని ఒక్క అరుపు.

వదులైంది గానీ బయటికి రాలా.
సగం వచ్చి బోల్టు తల ఛాసిస్‌కి కొట్టుకుంది.
ఎక్కడో ఫ్యాక్టరీలో
ఇంజను బండిలోకి దిగకముందే తొడిగుంటారు,
చుట్టూ బోలెడు గాలి ఉన్నప్పుడు.
తొడిగినోడికి తీసేవోడు ఎందుకు గుర్తొస్తాడు!

సంపు కింద వేపచెక్క, చెక్క కింద జాకీ.
ఒక మౌంటింగు విప్పి, ఇంజన్ని రెండు వేళ్లు లేపా,
నిద్రపోయిన బిడ్డ తల కింద నుంచి
చెయ్యి తీసుకున్నంత మెల్లగా.
బోల్టు వచ్చి అరచేతిలో పడింది.

మారుది కూర్చోబెట్టి,
బోల్టు పట్టుకుని కాసేపు ఆగా.
వెలుగొండయ్య చేతికే ఇచ్చా,
"అటు నుంచి ఇటు తొయ్యన్నా."
ఇప్పుడు తల అటు, గాడిలో ఇరుక్కుని తిరగదు.
నట్టు ఇటు, ఎండలో.
మళ్లీ ఎప్పుడు చెడుతుందో, ఎవరి షెడ్డు ముందో.
చెయ్యి లావుగా ఉన్నోడైనా
తిట్టుకోకుండా విప్పుతాడు.

తాళం తిప్పితే ఎర్రదీపం ఆరింది.
వోల్టులు పద్నాలుగు, టైము పదీ ఇరవై.
కాశింవలి అప్పటికే గేరు వేసి ఉన్నాడు.

సబ్బుపొడి, పీచు ఇచ్చా.
వెలుగొండయ్య చెయ్యంతా తోముకున్నాడు,
గోళ్ల సందున నలుపు మాత్రం వదిలేశాడు.
"ఇది ఉండనీ, నర్సుకి చూపించాలి" అన్నాడు,
"పొద్దున్నే పన్లోకి పోయొచ్చానని."